అవిన్యోన్ నుంచి కర్కసోన్ దాకా: ఫ్రాన్స్ పాత ఊళ్లను రైల్లో తిరిగి రావడం ఎలా

పది రోజుల్లో ఏడు దేశాలు చూపించే ప్యాకేజీ టూర్లలో ఫ్రాన్స్ అంటే పారిస్, పారిస్ అంటే ఐఫిల్ టవర్. బస్సు దిగడం, ఫొటో దిగడం, మళ్లీ బస్సెక్కడం. అదే మీకు సరిపోతే ఈ వ్యాసంతో పని లేదు. దక్షిణ ఫ్రాన్స్‌లో రెండు వేల ఏళ్ల నాటి రోమన్ కట్టడాలను ఆనుకుని జనం ఇప్పటికీ కాపురాలుంటున్నారు. అలాంటి ఊళ్లను సొంతంగా, తాపీగా చూడాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నేను చెప్పే దారిలో నాలుగు ఊళ్లున్నాయి: అవిన్యోన్, ఆర్ల్, నీమ్, కర్కసోన్. నాలుగింటికీ రైలుంది, నాలుగింట్లోనూ యునెస్కో గుర్తించిన కట్టడాలున్నాయి. మకాం మాత్రం రెండు చోట్లే. అవిన్యోన్‌లో ఐదు రాత్రులు ఉండి ఆర్ల్, నీమ్ ఊళ్లకూ, దగ్గర్లోని రోమన్ల నాటి గార్ వంతెనకూ పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలి. తర్వాత కర్కసోన్‌లో రెండు రాత్రులు. రోజుకో హోటల్ మారితే సగం సెలవు సూట్‌కేసు సర్దడానికే సరిపోతుంది.

ముందుగా పేర్ల సంగతి. టికెట్ మీద ఉన్నవాటిని మనం సహజంగా అవిగ్నాన్, ఆర్లెస్, నైమ్స్ అని చదువుతాం. రైల్లో మైకులో వినిపించేది అవిన్యోన్, ఆర్ల్, నీమ్. చివరి ‘ఎస్’ నోట రాదు. నైమ్స్ ఎప్పుడొస్తుందా అని చెవులు రిక్కించి కూర్చుంటే నీమ్ దాటిపోతుంది.

1. ఎప్పుడు వెళ్లాలి

ఏప్రిల్ మధ్య నుంచి జూన్ దాకా, లేదంటే సెప్టెంబరు, అక్టోబరు. జులై, ఆగస్టుల్లో అక్కడా 35 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మనకు అదొక ఎండా అనిపించవచ్చు గానీ, పాత హోటళ్లలో చాలావాటికి ఏసీ ఉండదు. పైగా జులైలో అవిన్యోన్‌లో 1947 నుంచి జరుగుతున్న నాటకోత్సవం ఉంటుంది. నాటకాలంటే ఇష్టమున్నవాళ్లకు అది పండగే. మిగతావాళ్లకు ఆ నెలలో గది దొరకడమే గగనం.

వేసవిలో రాత్రి తొమ్మిదైనా వెలుగుంటుంది, అది పెద్ద లాభం. సెప్టెంబరు మూడో వారాంతంలో వారసత్వ దినాలు జరుపుతారు. మామూలుగా తాళం వేసి ఉండే భవనాలు కొన్ని ఆ రెండు రోజులూ తెరుస్తారు. తేదీలు కుదిరితే వదులుకోకండి.

రోన్ నది లోయలో ఉత్తరం నుంచి మిస్ట్రాల్ అనే గాలి వీస్తుంది. ఆకాశం నిర్మలంగా, ఎండ ఫెళ్లున కాస్తూ ఉంటుంది, గాలి మాత్రం ఎముకలు కొరుకుతుంది. ఏప్రిల్‌లో వెళ్లేవాళ్లు చెవులు కప్పుకోవడానికి ఏదో ఒకటి పట్టుకెళ్లండి. గొడుగు ఆ గాలికి నిలవదు.

2. వీసా: ఆరు నెలల ముందే తలుపు తెరుచుకుంటుంది

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు కావలసింది షెంగెన్ (ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల కూటమి) స్వల్పకాలిక వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి, కనీసం పదిహేను రోజుల ముందు దాకా దరఖాస్తు చేయవచ్చు. పదిహేను రోజులన్నది కాగితం మీది లెక్క. వేసవి సెలవుల ముందు అపాయింట్‌మెంటు దొరకడమే కష్టం, కాబట్టి రెండు మూడు నెలల ముందే మొదలుపెట్టండి. ఫ్రాన్స్ ప్రభుత్వ వీసా సైట్‌లో దరఖాస్తు నింపి, ఆ తర్వాత దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ కేంద్రంలో కాగితాలు, వేలిముద్రలు ఇవ్వాలి. హైదరాబాదులోనూ కేంద్రం ఉంది. రుసుము పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకు 45, అంతకంటే చిన్నవాళ్లకు లేదు. కేంద్రం వాళ్ల సేవా రుసుము అదనం.

వాళ్లు చూసేవి మూడు: డబ్బుందా, తిరిగి వస్తారా, చెప్పిన కథ అతుకుతోందా. మొదటి రెండింటికీ బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు, ఆఫీసు నుంచి సెలవు ఉత్తరం ఉంటాయి. మనవాళ్లు తడబడేది మూడోదాంట్లో. విమానం ఫలానా తేదీన దిగి, హోటల్ బుకింగ్ మర్నాటి నుంచి ఉంటే మధ్యనున్న ఆ రాత్రి ఎక్కడ పడుకుంటారన్న ప్రశ్న వస్తుంది. ప్రతి రాత్రికీ బుకింగ్ చూపండి, డబ్బు వాపసు వచ్చే రకం తీసుకోండి. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు, షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించేలా ఉండాలి. ఇంకో దేశం కూడా కలుపుకుంటుంటే, ఎక్కువ రాత్రులు గడిపే దేశానికే దరఖాస్తు చేయాలి.

3. విమానం, రైలు టికెట్లు

విమానం టికెట్టు పారిస్‌కు రానూపోనూ తీసుకోవడం మన అలవాటు. ఈ దారికి అది నష్టం. దిగడం పారిస్‌లో, తిరిగి ఎక్కడం తులూజ్‌లో అయ్యేలా చూడండి. కర్కసోన్ నుంచి తులూజ్‌కు రైల్లో గంటలోపే. ఎక్కడో ఒకచోట విమానం మారక తప్పదు కాబట్టి ధరలో పెద్ద తేడా ఉండకపోవచ్చు.

పారిస్‌లో ఛార్ల్ ద గోల్ విమానాశ్రయం రెండో టెర్మినల్ కిందే రైల్వే స్టేషన్ ఉంది. అక్కడి నుంచి టీజీవీ అనే వేగపు రైళ్లు పారిస్ ఊళ్లోకి వెళ్లకుండా నేరుగా అవిన్యోన్ వెళతాయి, మూడు గంటలకు కాస్త పైగా పడుతుంది. ఆ రైళ్లు రోజుకు కొన్నే. తప్పితే పారిస్‌లోని గార్ ద లియోన్ స్టేషన్‌కు వెళ్లాలి, అక్కడి నుంచి చాలా ఉన్నాయి.

టీజీవీ టికెట్టు విమానం టికెట్టు లాంటిది. ముందుగా కొంటే చవక, చివర్లో కొంటే రెండింతలు మూడింతలు. ఆ రైలుకే చెల్లుతుంది. విమానం దిగడానికీ రైలుకీ మధ్య కనీసం మూడు గంటలు వదలండి. 2025 అక్టోబరు నుంచి యూరప్ సరిహద్దుల్లో బయటివాళ్ల వేలిముద్రలు, ఫొటో తీసుకుని నమోదు చేస్తున్నారు, వరస ఎంతసేపో చెప్పలేం. విగో అనే చవక రైళ్లూ ఉన్నాయి కానీ వాటిలో సామానుకు కొలతలున్నాయి. మన పెద్ద సూట్‌కేసుకు అదనంగా కట్టాల్సి వస్తుంది.

ఆర్ల్, నీమ్‌లకు తిరిగేవి టీఈఆర్ అనే ప్రాంతీయ రైళ్లు, మన ప్యాసింజర్ల లాంటివి, శుభ్రంగా ఉంటాయి. వీటికి ముందుగా కొననక్కర్లేదు, సీటు నంబరు ఉండదు. అవిన్యోన్ నుంచి ఆర్ల్ ఇరవై నిమిషాలు, నీమ్ సుమారు అరగంట. ఎస్ఎన్‌సీఎఫ్ కనెక్ట్ అనే యాప్‌లో అన్ని టికెట్లూ దొరుకుతాయి. మన కార్డుల్లో కొన్ని అక్కడ మొరాయిస్తాయి కాబట్టి రెండో కార్డు సిద్ధంగా ఉంచుకోండి.

ఒక హెచ్చరిక. అవిన్యోన్‌కు రెండు స్టేషన్లు. టీజీవీ ఆగేది ఊరి బయట. అక్కడి నుంచి చిన్న రైలెక్కితే ఐదారు నిమిషాల్లో సెంటర్ స్టేషన్, దాని ఎదురుగానే కోట గోడ. హోటల్ బుక్ చేసేటప్పుడు ‘స్టేషన్ పక్కనే’ అని కనబడితే ఏ స్టేషనో చూసుకోండి.

సమ్మెల గురించి కూడా చెప్పాలి. ‘గ్రేవ్’ అన్న మాట వార్తల్లో కనిపిస్తే అది సమ్మె. ఆ రోజు నడిచే రైళ్ల జాబితా ముందురోజు సాయంత్రం ఐదింటికల్లా పెడతారు. సమ్మె రోజున కూడా కొన్ని రైళ్లు తిరుగుతూనే ఉంటాయి, కంగారు పడనక్కర్లేదు. విమానం ఎక్కాల్సిన ఊరికి మాత్రం ముందురోజే చేరండి.

4. గది ఎంచుకోవడం, పెట్టె సర్దడం

అవిన్యోన్‌లో గోడ లోపలే గది తీసుకోండి. ఊరి చుట్టూ సుమారు నాలుగు కిలోమీటర్ల ప్రాకారం ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. లోపల ఉంటే రాత్రి భోజనమయ్యాక పోప్ మహలు ముందు నడవవచ్చు. పగలు చూసిన ఊరు కాదు అది. కర్కసోన్‌లో మాత్రం దీనికి తిరగేసి చేయండి: కోట లోపలి హోటళ్లు ఖరీదు, కింది ఊళ్లో ఉంటే చవక, పైగా కోట కనిపించేది కింది నుంచే.

పాత భవనాల్లో లిఫ్టు అడిగి తెలుసుకోండి. మెలికల మెట్ల మీద మూడో అంతస్తుకు ఇరవై మూడు కిలోల పెట్టె మోస్తే వెంట వచ్చిన అమ్మానాన్నలు మిమ్మల్ని జీవితాంతం దెప్పుతారు. వీధులన్నీ రాతి పరుపు. నా సూట్‌కేసు చక్రం ఒకటి మొదటిరోజే ఊడిపోయింది, ఆ తర్వాత వారమంతా దాన్ని కుంటి మేకలా లాక్కుంటూ తిరిగాను. చిన్న పెట్టె, గట్టి బూట్లు, అంతే.

మన గుండ్రటి రెండు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్లలో పడుతుంది, మూడు పిన్నులది పడదు. బాత్రూంలో చెంబూ జెట్టూ ఉండవు, ఖాళీ సీసా ఒకటి ఉంటే ఇబ్బంది తీరుతుంది.

ఆవకాయ, కందిపొడి తీసుకెళ్లవచ్చు. సీసా మూతకు రెండు చుట్లు టేపు వేయండి. పాలు, నెయ్యి, కోవా లాంటి పాల పదార్థాలను, మాంసాన్ని యూరప్‌లోకి తేనివ్వరు. పచ్చి కరివేపాకు కూడా అంతే.

5. వెళ్లగానే నేర్చుకోవలసిన ఒక మాట

దుకాణంలోకి అడుగుపెట్టగానే ‘బోంజూర్’ అనాలి. బస్సెక్కినా, హోటల్ కౌంటరు ముందుకెళ్లినా అదే. మనకు ఇదొక పలకరింపు, వాళ్లకు అది తలుపు తట్టడం. అది లేకుండా నేరుగా ‘వాటర్ బాటిల్ ఎంత’ అని ఇంగ్లిషులో మొదలుపెడితే ఎదుటివాళ్ల మొహం ముడుచుకుంటుంది, ఫ్రెంచివాళ్లకు పొగరని మనం ఊరంతా చెబుతాం. ఆడవాళ్లయితే బోంజూర్ మదామ్, మగవాళ్లయితే బోంజూర్ మస్యూ. చీకటి పడ్డాక ‘బోంస్వార్’.

హైదరాబాదు వాళ్లకు ఈ ‘మస్యూ’ కొత్తేమీ కాదు. నిజాం కొలువులో సేనాపతిగా చేసి 1798లో చనిపోయిన ఫ్రెంచివాడు రేమండ్ మన జనం నోట్లో మూసారాం అయ్యాడు. మూసారాంబాగ్ అతని పేరే.

6. తిండి: గడియారం వాళ్లది

మధ్యాహ్న భోజనం పన్నెండు నుంచి రెండింటి దాకా. రాత్రి ఏడు, ఏడున్నర తర్వాతే. మధ్యలో వంటగది మూసేస్తారు. ఆర్ల్‌లో మొదటిరోజు గోడలూ గుమ్మటాలూ చూస్తూ రెండూ ఇరవైకి హోటల్‌కు వెళ్లాను. లోపల జనం తింటూనే ఉన్నారు, నాకు మాత్రం లేదన్నారు. ఆ పూటకు చిప్స్ ప్యాకెట్టే దిక్కయింది. ఒంటిగంట లోపు కూర్చోండి. ఆదివారం, సోమవారం చాలా దుకాణాలూ హోటళ్లూ మూసే ఉంటాయి.

మధ్యాహ్నం పలక మీద సుద్దతో రాసి ఉండే ‘ప్లా ద్యు జూర్’, అంటే ఆ రోజు వంటకం, రాత్రి ధరకంటే బాగా చవక. నీళ్లు అడిగితే ఖరీదైన సీసా తెస్తారు. ‘యున్ కరాఫ్ దో, సిల్‌వుప్లే’ అనండి, కూజాలో మామూలు నీళ్లు ఉచితంగా పెడతారు. కుళాయి నీళ్లు తాగవచ్చు. సర్వీసు బిల్లులోనే కలిసి ఉంటుంది, టిప్పు మీ ఇష్టం.

శాకాహారులకు కాస్త జాగ్రత్త కావాలి. సలాడ్ అంటే ఆకులే అనుకుంటే అందులో ‘లార్దోన్’ అనే పంది మాంసం ముక్కలు ఉండవచ్చు. ఉల్లిపాయ సూప్‌ను సాధారణంగా గొడ్డు మాంసం రసంతో కాస్తారు. ఆలివ్‌ల పచ్చడిలా కనిపించే తపెనాద్‌లో చేప ఉంటుంది. కర్కసోన్ ప్రత్యేకమని పెట్టే కసూలే చూడ్డానికి చిక్కుడు గింజల కూర, అడుగున బాతు, పంది సాసేజి. ‘సాన్ వియాంద్, సాన్ ప్వాసోన్’ (మాంసం వద్దు, చేప వద్దు) అని అడగండి. గుడ్డు కూడా తినకపోతే ఆ మాట ఫోన్‌లో ఫ్రెంచిలో రాసి చూపించడం మేలు. మీకు నిలకడగా దొరికేవి రతతూయ్ అనే వంకాయ, టమాటా కూర, పిజ్జా, బేకరీ రొట్టె, వారపు సంతలో పళ్లు. అన్నం లేకపోతే ప్రాణం ఒప్పనివాళ్లకు ఒక కబురు: ఆర్ల్ పక్కనున్న కమార్గ్ మాగాణి. అక్కడ వరి పండుతుంది, ఎర్ర బియ్యం కూడా. సెప్టెంబరులో ఆర్ల్‌లో బియ్యం పేరు మీదే ఒక జాతర ఉంది. అందులో ఎద్దులను చంపే పోటీలు కూడా ఉంటాయి కాబట్టి, తెలిసే టికెట్టు కొనండి.

డబ్బు సంగతి క్లుప్తంగా. కార్డు దాదాపు అంతటా చెల్లుతుంది, సంతకు, స్టేషన్ మరుగుదొడ్లకు చిల్లర కావాలి. మెషీన్ ‘రూపాయల్లోనా, యూరోల్లోనా’ అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయల మారకపు రేటులో వాళ్ల లాభం కలిపి ఉంటుంది. ఈ ఊళ్లలో యూపీఐని నమ్ముకోవద్దు.

7. అవిన్యోన్

1309 నుంచి 1377 దాకా పోప్‌లు రోమ్‌లో కాక ఇక్కడ ఉన్నారు. వాళ్ల మహలును 1335 నుంచి ఇరవై ఏళ్లలోపే కట్టేశారు. వెళ్లేముందు ఒకటి తెలుసుకోండి: లోపల గదులు ఖాళీ. సామానంతా ఎప్పుడో పోయింది, తర్వాత సైనికుల బారకాసుగా వాడారు. ‘ఏముంది, గోడలే కదా’ అని పావుగంటలో బయటికొచ్చేవాళ్లను చూశాను. టికెట్టుతోపాటు ఇచ్చే ట్యాబ్లెట్‌ను ప్రతి గదిలో పైకెత్తి చూస్తే ఆనాటి తివాచీలు, విందు బల్లలు తెర మీద కనిపిస్తాయి. రెండు గంటలు పెట్టుకోండి, తెరిచే వేళకే వెళ్లండి.

మహలుకూ, రోన్ నది మీది పాత వంతెనకూ కలిపి ఒకే టికెట్టు దొరుకుతుంది. బెనెజె అనే గొర్రెలకాపరి కుర్రాడికి దైవవాణి వినిపించి పన్నెండో శతాబ్దంలో వంతెన మొదలుపెట్టాడని కథ. ఇరవై రెండు కమానుల్లో వరదలకు పోగా మిగిలినవి నాలుగు. నది మధ్యదాకా వెళ్లి ఆగిపోతుంది. నన్నడిగితే వంతెన మీద నిలబడితే వంతెన కనిపించదు. దగ్గర్లోనే రేవు నుంచి ఉచిత పడవ అవతలి లంకకు తీసుకెళుతుంది (నడి చలికాలంలో ఉండదు). సాయంత్రం అక్కడి గట్టు మీద నడిస్తే విరిగిన వంతెన, వెనక మహలు, గోడలు అన్నీ ఒకే చూపులో.

8. ఆర్ల్: వీలైతే శనివారం

శనివారం లీస్ బులవార్ అనే పెద్ద వీధి పొడవునా సంత జరుగుతుంది. జున్ను, తేనె, ఆలివ్‌లు, బట్టలు, మన వారపు అంగడిలాగే. పదింటికల్లా అక్కడుండండి, ఒంటిగంటకు సర్దేస్తారు.

ఆ తర్వాత అరీనా. మొదటి శతాబ్దం చివర్లో సుమారు ఇరవై వేల మంది కోసం కట్టిన రోమన్ క్రీడా ప్రాంగణం అది. మధ్యయుగంలో జనం భయానికి దీన్ని కోటగా చేసుకుని, లోపల రెండు వందలకు పైగా ఇళ్లు కట్టుకున్నారు. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ ఇళ్లు తీసేశారు, అప్పటి కావలి బురుజులు మిగిలాయి. ఒకటి ఎక్కనిస్తారు.

చిత్రకారుడు వాన్ గో 1888 ఫిబ్రవరిలో వచ్చి మరుసటి ఏడు మే దాకా ఇక్కడున్నాడు. ఆ కొద్ది కాలంలో దాదాపు రెండు వందల చిత్రాలు వేశాడు. వాటిలో ఒక్కటీ ఈ ఊరి సొత్తు కాదు. ఆయన పేరిట ఉన్న ఫౌండేషన్‌లో అరువు తెచ్చినవి ఉంటాయి. చిత్రాల కోసమే వెళ్లేవాళ్లు ఆ వారం ఏముందో ముందే చూసుకోండి. నా ఓటు ఊరి చివరనున్న పురావస్తు మ్యూజియానికి. రోన్ నది అడుగు నుంచి తీసిన 31 మీటర్ల రోమన్ పడవ ఉంది అందులో. రెండు వేల ఏళ్లు బురదలో ఉండి కొయ్య చెడలేదు.

9. గార్ వంతెన, నీమ్

రెండూ ఒకే కథకు మొదలూ చివరా. నీమ్ పట్టణానికి నీళ్లు తేవడానికి రోమన్లు సుమారు 50 కిలోమీటర్ల కాలువ తవ్వారు. అంత పొడవునా వాలు పన్నెండు మీటర్ల పైచిలుకే. ఆ కాలువ గార్డోన్ నదిని దాటడానికి కట్టిందే మూడంతస్తుల గార్ వంతెన, ఎత్తు 49 మీటర్ల దాకా ఉంటుంది. అవిన్యోన్ సెంటర్ స్టేషన్ పక్కనున్న బస్టాండ్ నుంచి బస్సులున్నాయి, తక్కువే. దిగగానే తిరుగు బస్సు వేళ చూసుకోండి, ఆదివారం ఇంకా తక్కువ. ఎండగా ఉంటే తువ్వాలు పట్టుకెళ్లండి, వంతెన కింద నదిలో జనం ఈదుతారు.

మర్నాడు నీమ్. అరీనా, 2023లో యునెస్కో జాబితాలో చేరిన మేజోన్ కారే అనే రోమన్ గుడి, ఫోంతేన్ తోటల వెనక గుట్ట మీద మాఞ్ బురుజు. ఈ మూడూ ఒక రోజుకు సరిగ్గా సరిపోతాయి. ఆ గార్ నీళ్లు వచ్చి పడిన గుండ్రటి తొట్టె ఊళ్లో ఒక వీధి పక్కన ఇప్పటికీ ఉంది, టికెట్టు లేదు, చూసేవాళ్లూ లేరు. డెనిమ్ అన్న మాట ‘ద నీమ్’ నుంచి వచ్చిందంటారు, అంటే నీమ్ గుడ్డ. నడుస్తూ కాళ్ల కింద చూడండి: తాటిచెట్టుకు కట్టేసిన మొసలి, ఈ ఊరి గుర్తు, దారంతా కనిపిస్తుంది.

10. కర్కసోన్

నీమ్ మీదుగా రైల్లో రావాలి, నీమ్ నుంచి సుమారు రెండు గంటలు. సామాను గదిలో పెట్టి, సాయంత్రం ఆరు తర్వాత కోటకు నడవండి. స్టేషన్ నుంచి అరగంట నడక. రెండు వరసల గోడ మొత్తం మూడు కిలోమీటర్లు, 52 బురుజులు. కోట ఊళ్లోకి వెళ్లడానికి టికెట్టు లేదు, ద్వారం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. లోపలి దుర్గం, ప్రాకారం మీది నడకకే డబ్బు. పగలు పదకొండు నుంచి ఐదు దాకా ఇరుకు సందుల్లో చెక్క కత్తులు అమ్మే దుకాణాలు, బస్సుల్లో వచ్చిన జనం. ఆ వేళలో చూసి ‘ఇదేదో ఎగ్జిబిషన్’ అని తిట్టుకునేవాళ్లదీ తప్పు కాదు. ప్రాకారం టికెట్టు మర్నాడు పొద్దున్నే, తెరవగానే వాడుకోండి.

మనం చూసే కోటలో కొంత కొత్తది. పంతొమ్మిదో శతాబ్దంలో కూల్చేయబోతే ఊరివాళ్లు అడ్డుపడ్డారు. 1853 నుంచి వియొలే ల ద్యూక్ అనే వాస్తుశిల్పి బాగు చేయించాడు. బురుజులకు ఆయన పెట్టించిన కోసుగా ఉండే పలక రాళ్ల కప్పులు ఉత్తరాది పద్ధతివని, ఈ ప్రాంతానివి కావని అప్పటి నుంచీ వాదనే. ప్రాకారం మీద నడుస్తూ చూస్తే కొన్ని బురుజులకు ఎర్ర పెంకులు, కొన్నిటికి బూడిద రంగు కప్పులు కనిపిస్తాయి, ఏది ఎవరిదో మీరే పోల్చుకోవచ్చు.

రెండో రోజు మధ్యాహ్నం ఎండలో కోటవైపు పోకండి. స్టేషన్ ఎదురుగానే మిది కాలువ ఉంది, పదిహేడో శతాబ్దంలో తవ్వింది. గట్టు వెంట చెట్ల నీడలో నడిస్తే పడవలు లాకులు దాటడం చూడవచ్చు. గోదావరి, కృష్ణా లాకుల దగ్గర పెరిగినవాళ్లకు కాళ్లు అక్కడి నుంచి కదలవు.

చీకటి పడ్డాక ఔద్ నది మీది పాత వంతెన దగ్గరికి రండి. మనుషులకే గానీ వాహనాలకు దారి లేని వంతెన అది. కోట మీద దీపాలు వెలుగుతాయి, కింద నీళ్లు నల్లగా పారుతుంటాయి. మర్నాడు పొద్దున తులూజ్ రైలుకు అలారం పెట్టుకున్నాకే అక్కడికెళ్లండి, తిరిగి రావడానికి తొందరుండదు.